ఆ పెన్ను తొట్టిలో వేయకు

ఇల్లు, చేపల తొట్టి ఉన్న గది
మీరు బయల్దేరిన పన్నెండో రోజు

బావగారికి నమస్కారాలు,

బళ్ళో లీవు లెటరు తప్ప నేను జన్మలో ఉత్తరం రాయలేదు. అదీ రోజూ రాస్తున్నానని మాస్టారు చించేశారు. కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. ఓడ నుంచి ఫోను దొరికినా ఐదు నిమిషాలే, ఆ ఐదూ అక్కవేనని మీరే తేల్చేశారు కనక తొట్టి కబుర్లన్నీ కాగితం మీదే. ఉత్తరం మీ కంపెనీ ఆఫీసులో ఇస్తే తర్వాతి రేవులో మీకు అందుతుందన్నారు.

పంపులు రెండూ తిరుగుతున్నాయి. నీళ్ళలో ఉప్పు రోజూ కొలుస్తున్నా. పగడాలు పొద్దున విప్పారి లైటు ఆర్పగానే ముడుచుకుంటున్నాయి, వాటికున్న టైము పట్టింపు నాకు లేదని అక్క దెప్పుతోంది. క్లౌన్ చేపలు రెండూ క్షేమం. పెద్దది నన్ను చూస్తే చాలు, ఇంటికి ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి నిలదీసినట్టు గాజు దాకా వస్తుంది. ఇక అనిమోను, అదే పువ్వులా ఊగుతుండే జీవి, మీ మహారాణి, మీరు కూర్చోబెట్టిన రాయి మీదే కూర్చుంది.

గుమ్మంలో మీరన్న మాట మర్చిపోలేదు. "తొట్టిలోది ఏదైనా ఒక్కసారి నిన్ను కుట్టిందని తెలిసిందా, మొత్తం చేపల షాపాయనకి ఇచ్చేస్తా" అన్నారు. అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు బావగారూ. టైర్ల దగ్గర మూడు నెలలు చేశా, కొరియర్లో రెండున్నర, పెయింటింగ్ పనికి వెళ్ళి వారానికే వచ్చేశా. ఎక్కడా ఎవరూ నన్ను నమ్మి షాపు తాళం కూడా ఇవ్వలేదు. మీరు ప్రాణమున్నవాటిని నా చేతిలో పెట్టి ఓడెక్కారు. అందుకే గ్లవుజులు లేకుండా గోరు కూడా తడపట్లేదు.

ఊరికే తెలుసుకుందామని ఒకటి అడుగుతా. ఎవరికైనా, అంటే ఎవరో ఒకరికి, చూపుడువేలు నిండా నూగులాంటి సన్నటి ముళ్ళు ఓ నలభై దిగబడితే ఏం చేయాలి? సూదితో కెలికితే ఇంకా లోపలికి పోతున్నాయట. అక్షరాలు వంకరగా ఉన్నాయని ఏమీ అనుకోకండి. ఎడమచేత్తో రాస్తే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది.

మీ బామ్మర్ది

*

ఓడ, ఇంజను గది పక్క కేబిను
ముప్పై ఒకటో రోజు

బామ్మర్దికి,

ఆ "ఎవరో ఒకరి" వేలు ఎవరిదో చెప్పడానికి నాకు పెద్ద చదువేం అక్కర్లేదు. అది ముళ్ళపురుగు. రాళ్ళ సందుల్లో ఉంటుంది, జెర్రిలా పాకుతుంది. సూది పెట్టకూడదు. రుద్దకూడదు. ప్యాకింగు టేపు ముక్క తీసుకుని వేలికి నొక్కి, ముళ్ళు వాలిన వైపు చూసుకుని ఒక్క లాగు లాగాలి. కొత్త ముక్కతో మళ్ళీ. అలా ఏడెనిమిది సార్లు. తర్వాత వెనిగర్లో ఓ పావుగంట ముంచాలి. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు. వేలు వాచి ఎర్రచార పైకి పాకితే వీధి చివర క్లినిక్‌కి వెళ్ళాలి.

నా ఉత్తరం నీకు అందేసరికి ఆ ముళ్ళన్నీ వాటంతట అవే పోయుంటాయి. అయినా రాశాను, మళ్ళీ కుట్టించుకుంటావని తెలుసు కాబట్టి.

ఇప్పుడు అసలు సంగతి. పురుగు వదిలేద్దాం. అనిమోను జోలికి మాత్రం పోకు. అది కదిలినా పోకు, గాజుకి అతుక్కున్నా పోకు, పైకి తేలినా పోకు. చస్తే చావనీ. ఈ ఒక్క మాట విను. ఎందుకని అడక్కు.

గుమ్మంలో అన్నమాట ఈసారికి వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్కసారికే.

బావ

*

ఇల్లు, తొట్టి పక్క నేల మీద
యాభై ఎనిమిదో రోజు

బావగారూ,

మీ టేపు వైద్యం కాగితం వంటింటి గోడకి అంటించా. వేలు ఎప్పుడో తగ్గిపోయింది.

కానీ మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. చస్తే చావనీ అంటారా? పోయినేడు సెలవులో మోచేతుల దాకా లోపల పెట్టి, గ్లవుజులు లేవు పాడు లేవు, ఆ మహారాణికి రొయ్యముక్క తినిపించింది ఎవరు? నేను కదా తువ్వాలు పట్టుకుని నిలబడింది! నా చేతికి వచ్చేసరికి అన్నీ కానివే.

సరే, కోపం తర్వాత. జరిగింది చెప్తా. పోయిన గురువారం మహారాణి రాయి వదిలేసింది. పొద్దున చూస్తే పంపు నోటికి జానెడు దూరంలో ఉంది. పంపులోకి పోతే ముక్కలు ముక్కలై, దాని విషం నీళ్ళలో కలిసి అన్నీ పోతాయని మీరే ఒకసారి చెప్పారు. పంపు ఆపా. గ్లవుజు వేసుకున్నా. మీ గ్లవుజులో నా చేతిలాంటివి రెండు పడతాయి, మోచేతి దగ్గర తెరుచుకుని నీళ్ళన్నీ లోపలికే. రాయి ఎత్తుతుంటే జారిపోయింది. ఇంక లాభం లేదని విప్పేసి ఒట్టి చెయ్యి పెట్టా.

బావగారూ, అది పువ్వు కాదు. ముంజేతి లోపలి వైపు నాలుగు చారలు, వాత పెట్టినట్టు. పరిగెత్తి కుళాయి కింద పెడితే మంట తగ్గకపోగా రెట్టింపు అయింది! ఎందుకంటారు? ఎగిరి గంతేశా. కానీ దాన్ని రాయి మీద పెట్టాకే గంతేశా, అది రాసుకోండి. ఇప్పుడు బుద్ధిగా కూర్చుంది. చేపలూ దాన్లోకి దూరాయి, వాటిని మాత్రం కుట్టదు కదా.

చారలు చూసి అక్క అడిగితే బండి సైలెన్సరు తగిలిందన్నా. మీరు ఏమైనా అనుకోండి. తొట్టి షాపాయనకి మాత్రం ఇవ్వొద్దు. అన్నీ బతికున్నాయి. లెక్కపెట్టుకోవచ్చు.

ఇంకోటి. మేత డబ్బాల వెనక లావుపాటి పెన్నులాంటిది ఒకటి దొరికింది. లోపల సూది, మందు ఉన్నట్టుంది. గుడ్డలో చుట్టి భద్రంగా పెట్టారంటే చేపలకి ఏదో ఖరీదైన మందే అయ్యుంటుంది. మహారాణి కాస్త నీరసంగా ఉంది. తొట్టిలో పొడిచేస్తే చాలా, చుక్కలు కొలిచి వేయాలా? త్వరగా చెప్పండి.

మీ బామ్మర్ది

*

ఓడ, కేబిను
డెబ్భై తొమ్మిదో రోజు

ఒరేయ్,

నీ ఉత్తరం రేవులో అందిన గంటకే ఫోను దొరికింది. మీ అక్క ఐదు నిమిషాల్లోంచి ఒక నిమిషం అడుక్కుని నీకు ఇమ్మన్నాను. "ఆ పెన్ను తొట్టిలో వేయకు" అని అరవడం తప్ప ఇంకేం చెప్పలేకపోయాను. మీ అక్క నీ పక్కనే ఉంది. "ఏం పెన్నురా?" అని ఆమె అడగడం వినిపించింది. నువ్వేం చెప్పావో తెలీదు. ఇప్పుడు మొత్తం చెప్తున్నాను, ఒక్కడివే కూర్చుని చదువు.

అది చేపల మందు కాదు. నాది.

ఓడెక్కడానికి మూడు నెలల ముందు మహారాణి నన్నూ కుట్టింది. మొదటిసారి నీలాగే నాలుగు చారలు, రెండు రోజులు దురద, అంతే. నెల తర్వాత రెండోసారి కుట్టింది. ఐదు నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు. పెదాలు ఉబ్బాయి. గొంతు దగ్గర ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టు అయింది. ఇంట్లో ఎవరూ లేరు. వీధి చివర క్లినిక్ దాకా గోడ పట్టుకుని వెళ్ళాను. డాక్టరమ్మ ముందు తొడలో ఇంజెక్షన్ పొడిచి, ఆ తర్వాత పేరు అడిగింది.

కొందరి ఒంటికి ఆ విషం మొదటిసారి గుర్తుండిపోతుందట. రెండోసారి వచ్చినప్పుడు ఒళ్ళే తిరగబడుతుందట. ఇంకోసారి కుట్టించుకుంటే క్లినిక్ దాకా నడవలేకపోవచ్చు అంది. మళ్ళీ అలా అయితే వెంటనే తొడలో పొడుచుకోవడానికి రెండు మందు పెన్నులు రాసిచ్చింది. ఒకటి ఇక్కడ నా జేబులో ఉంది. రెండోదే నువ్వు మహారాణికి పొడుద్దామనుకున్నది.

నిన్ను ఒకసారి కుట్టింది. అర్థమైందా? నీది మొదటిసారి. అందరికీ నాలా కాదు, చాలామందికి ఏమీ కాదు. కానీ నువ్వు ఏ రకమో మళ్ళీ చెయ్యి పెట్టి చూడాల్సిన పని లేదు. వెంటనే ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి చూపించు. కుళాయి నీళ్ళకి ఎందుకు మండిందో కూడా విను. చర్మం మీద ఇంకా పేలని విషపు తిత్తులు ఉంటాయి. మంచినీళ్ళు తగిలితే అవి పేలతాయి. తొట్టి ఉప్పునీళ్ళతోనే కడగాలి. అంటుకున్న పోగుల్ని చిన్న పట్టకారుతో తీయాలి. ఆ తర్వాత తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ఉంచాలి. ఊపిరి బరువైతే ఇవన్నీ మానేసి పరిగెత్తాలి.

మీ అక్కకి ఆ రోజు స్నేహితుడింట్లో తిన్నదేదో పడలేదని చెప్పాను. నమ్మింది. నువ్వూ చెప్పకు. తెలిస్తే తొట్టి ఒక్కరోజు ఉంచదు. షాపాయనకి నేనే ఉత్తరం రాస్తాను, వచ్చి పట్టుకుపోతాడు. ఆమెకి నా సరదా తీరిందని చెబుదాం. నా మాట విను. నీకేమైనా అయితే ఆమెకి మొహం చూపించలేను.

బావ

*

ఇల్లు
నూట రెండో రోజు

బావా,

గారు తీసేశా. గుట్టు చెప్పుకున్నాక మన మధ్య ఇంకా గారు ఎందుకు?

క్లినిక్‌కి వెళ్ళా. బాగానే ఉన్నాను. డాక్టరమ్మ మిమ్మల్ని మర్చిపోలేదు. "ఆ గోడ పట్టుకుని వచ్చినాయన బామ్మర్దివా? మీ ఇంట్లో చేపల్ని పెంచుతున్నారా, పాముల్నా?" అంది.

ఇక అక్క సంగతి. అక్కకి చెప్పేశా.

తిట్టుకునే ముందు ఒకటి వినండి. నేను బడి మానేసిన సంగతి మీకు తెలుసు, ఎలా మానేశానో తెలీదు. ఐదు నెలలు పొద్దున్నే సంచి తగిలించుకుని బయల్దేరేవాణ్ణి. మోటార్ల వైండింగు షాపులో కూర్చుని సాయంత్రం వచ్చేవాణ్ణి. అక్క అప్పటికి కాలేజీ. తను బస్సుకి పరిగెత్తే హడావుడిలోనూ నాకు అన్నం డబ్బా కట్టిచ్చేది. చివరికి తెలిసింది. కొడుతుందనుకున్నా, కొట్టలేదు. "బడి మానేస్తే మానేశావు. ఐదు నెలలు నా చేత డబ్బా కట్టించుకున్నావు కదరా" అంది. బావా, ఆ మాట ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది. మళ్ళీ అక్క ఎదురుగా అలా కూర్చోలేను. మీ కోసం కూడా కూర్చోలేను.

ఎక్కడ చెప్పానో చెప్తే నవ్వుతారు. అక్క నేర్పే డ్రైవింగ్ స్కూలు కారులో. ఆదివారం కదా, నాకు నేర్పిస్తానని అక్క తీసుకెళ్ళింది. నేను స్టీరింగు ముందు, అక్క పక్క సీట్లో, కాలు తన వైపున్న రెండో బ్రేకు మీద. ఎదురుగా చూస్తూ మాట్లాడొచ్చు, మొహం చూడక్కర్లేదు అని అప్పుడే మొదలెట్టా.

"అక్కా, బావకి అప్పుడు తిన్నది పడకపోవడం కాదు."

"అద్దం చూసుకో."

"మహారాణి కుట్టింది. గొంతు మూసుకుపోయింది. చచ్చి బతికాడు."

బ్రేకు వేసింది బావా! నడిరోడ్డు మీద. నా నుదురు స్టీరింగుకి కొట్టుకుంది. వెనక హారన్లే హారన్లు. ఒకాయన బండి దిగొచ్చి అద్దం మీద కొట్టి "ఏమ్మా, నేర్పేదానివి నువ్వే ఇలా ఆపితే ఎలా?" అని అరిచాడు. అక్క అద్దం దించి, "మా ఆయన చచ్చి బతికాడట అన్నయ్యా, నాకిప్పుడే తెలిసింది" అంది. పాపం ఆయన, "మరి... పక్కకి పెట్టుకోండమ్మా" అని తనే వెనక బళ్ళు ఆపి మాకు దారిచ్చాడు.

ఇంటికొచ్చి తొట్టి ముందు నిలబడింది. ఏడవలేదు. రెండు రోజులు నా చెయ్యి పట్టుకుని చారలు చూడటం, వదిలేయడం, అంతే. మూడో రోజు క్లినిక్‌కి తనే వెళ్ళింది. డాక్టరమ్మ దగ్గర సూది లేని ఉత్తుత్తి పెన్ను ఒకటుంటుంది, నేర్చుకునేవాళ్ళకి. అది అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు రోజూ దిండుకి పొడుస్తోంది. మూత లాగడం, నొక్కడం, పది లెక్కపెట్టడం. నిన్న నా తొడ మీద చేసింది. చూస్తే మీ మీద కోపంతో పొడిచినట్టే ఉంది.

షాపాయన మీ ఉత్తరం చూసుకుని వచ్చాడు. అక్క గుమ్మంలోనే ఆపేసింది. "మూడు వారాలాగు తాతా" అంది. నాతో చెప్పి రాయమన్నది ఇదీ, మాట మార్చకుండా రాస్తున్నా: "కుట్టిందని దాచారు, సరే. ఎందుకు దాచారో ఆయన్నే రాయమను. కారణం నాకు నచ్చితే తొట్టి ఉంటుంది. లేదంటే ఖాళీ చేసి ఆ మూల బట్టల బీరువా పెడతా."

బావా, సరదా అనో, అలవాటనో రాయకండి. తొట్టి పోయి ఆ మూలకి బీరువా వచ్చేస్తుంది.

మీ బామ్మర్ది

*

ఓడ, కేబిను
నూట ఇరవై రెండో రోజు

తమ్ముడూ,

నేరుగా ఆమెకి రాద్దామని నాలుగు కాగితాలు పాడుచేశాను. నీకైతే రాయగలను. నువ్వు ఆమెకి చూపించు.

చెప్పేశావని తెలియగానే నీ మీద కోపం వచ్చింది. ఒక పూట ఉంది. తర్వాత నెత్తి మీంచి బరువు దిగినట్టయింది. మీ అక్క ఫోన్లో నాలుగు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఊపిరి వినిపించింది, నేనూ పట్టుకుని నిలబడ్డాను. ఐదో నిమిషంలో "జేబులో పెన్ను ఉందా?" అంది. ఉందన్నాను. పెట్టేసింది.

ఎందుకు దాచానంటే. ఎనిమిది నెలలు ఇంజను పక్కన బతుకుతాను. ఇంటికి వస్తాను. ఆమె గుమ్మంలో ఉంటుంది. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలీదు. ఇది నువ్వు చూసుండవు, నువ్వుంటే నీ గోల సరిపోతుంది. ఆమెకి ఇక్కడి రోజులు ఉంటాయి, నాకు అక్కడివి. రెండూ కలవవు. ఒకసారి సెలవులో రెండు వారాలు "టీ తాగుతారా", "తాగుతాను" తప్ప మా మధ్య మాట లేదు. ఆ ఏడే తొట్టి కొన్నాను. నేను లోపల చేతులు పెట్టి ఏదో సర్దుతూ ఉంటాను, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. ఇదేమిటి అంటుంది, నేను చెప్తాను. అదెందుకలా ముడుచుకుంది అంటుంది, చెప్తాను. అలా చెప్తూ చెప్తూ ఎప్పుడో మామూలు మాటల్లోకి దిగుతాం.

చేతులు పెట్టకూడదంటే నాకు ఆ తొట్టి దగ్గర పనిలేదు. తొట్టి లేకపోతే మళ్ళీ టీ తాగుతారా, తాగుతాను. చావుకి కూడా అంత భయపడలేదురా, గోడ పట్టుకుని నడిచిన రోజున. దీనికి భయపడ్డాను.

నచ్చకపోతే బీరువానే పెట్టమను. ఇంకో అబద్ధం నా దగ్గర లేదు.

బావ

*

ఇల్లు, తొట్టి ముందు స్టూలు
నూట నలభై మూడో రోజు

ఏమండీ,

మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఐదు నిమిషాల్లో చెబితే కోపంలో సగం మింగేస్తానని రాస్తున్నా.

వాడు మీ కాగితం నా ముందు పెట్టి వీధిలోకి పారిపోయాడు. రెండుసార్లు చదివాను. మీ మీద కోపం అలాగే ఉంది. మీరు గోడ పట్టుకుని నడుస్తుంటే నేను ఎక్కడో ఎవరికో రివర్సు గేరు నేర్పుతున్నాను, అది తలుచుకుంటే నిద్ర పట్టట్లేదు. ఆ సంగతి మీరు వచ్చాక ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందాం. తేలిగ్గా వదలను.

తొట్టి ఉంటుంది. మహారాణి వెళ్ళిపోయింది. షాపాయన, వాడు కలిసి రాయితో సహా ఎత్తి పట్టుకెళ్ళారు. వాడికి భుజాల దాకా వచ్చే గ్లవుజులు తెప్పించాను, వాడి కొలతకే. చేపలు రెండూ నాలుగు రోజులు దిక్కు తోచక తిరిగి, వాడు పెట్టిన మట్టికుండలో కాపురం పెట్టాయి. ఇకనుంచి లోపల చెయ్యి వాడిదే. షాపాయన వాణ్ణి పనికి రమ్మన్నాడు. "పొద్దున తొట్టి చూసుకున్నాకే వస్తా" అని వీడు షరతు పెట్టాడట. వీడు షరతు పెట్టడం ఏమిటో! మీరు మాత్రం వేలు కూడా పెట్టరు. డాక్టరమ్మ మీతో ఇంకా చాలా మాట్లాడాలంది, వచ్చిన మర్నాడే వెళ్తున్నాం.

ఇక మీ భయం. నేను కూడా ఒకటి దాచాను, వినండి. ఇన్నేళ్ళుగా మీరు చెప్పిన ఆ పగడాల పేర్లలో నాకు ఒక్కటీ గుర్తులేదు. ఆ పసుపురంగుది ఏమిటో ఇప్పటికీ తెలీదు. నేను వాటిని అడిగింది తెలుసుకుందామని కాదు.

ఇంటికొచ్చిన కొత్తలో మీరు అరుస్తారు. మీకు తెలీదు. ఇంజను పక్కన ఉన్నట్టే ఉప్పు అందుకోమని అరుస్తారు, పక్కింటావిడ తొంగి చూస్తుంది. ఏదో ఒకటి అడిగి మాట్లాడిస్తే రోజుకి కాస్త తగ్గుతుంది. మూడో వారానికి ఎప్పుడో, నేను వంగితే తప్ప వినపడనంత మెల్లగా మాట్లాడతారు. ఆ రోజు అనుకుంటాను, ఇప్పుడొచ్చాడు ఈయన అని.

దానికి చేతులతో పనేముంది? వచ్చి కూర్చోండి. ఆ పసుపుది ఏమిటని మళ్ళీ అడుగుతాను.

మీ
నేనే